తడిక వెనక మౌత్ బావి

మేళా నడిపినవాళ్ళ పేర్లు చెప్పను. ఇన్నేళ్ళ తరువాత వాళ్ళతో నాకు పేచీ ఎందుకు? కానీ నా కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. దాని సంగతి చెబుతాను.

ఏటా చలికాలంలో మూసీకి ఇవతల మైదానంలో ఆ మేళా దిగేది. మా పుట్టిల్లు దానికి దగ్గరలోని ఛత్రినాకే. అయినా పెళ్ళికాని ఆడపిల్లలను మేళాలకు పంపే ఇల్లు కాదు మాది. అందుకని పెళ్ళయి ఉప్పుగూడకు కాపురానికి వచ్చిన మొదటి చలికాలమే దాన్ని మొదటిసారి చూశాను. యాభైలు అప్పుడే మొదలైన రోజులు. మా ఆయన రైలు స్టేషన్లో గుమాస్తా. సాయంత్రం డ్యూటీ దిగి నన్నూ, వాళ్ళ అమ్మనూ, చెల్లెలినీ వెంటబెట్టుకుని తీసుకెళ్ళారు. ఆ ఒక్క సాయంత్రంతో పిచ్చి పట్టుకుంది నాకు. మరునాడు అన్నం వారుస్తుంటే గంజి చేతి మీద పడినా మేళా పాటే వినిపించింది.

పిచ్చి ఉన్నవాళ్ళకే కోపం వస్తుంది. లేనివాళ్ళు ఏదో చూశాం, వచ్చాం అనుకుని నిద్రపోతారు. నేను ఒక్కొక్క ఆట దగ్గరా నిలబడి, మళ్ళీ వచ్చే ఏడు దాకా దాన్నే తలుచుకుని, బాగాలేనిదాన్ని బాగాలేదనే అనేదాన్ని. మా ఆయనకు నవ్వు. "నీకేం చూపిచ్చినా తప్పే" అనేవారు. తప్పు ఉంటే తప్పనే అంటారు మరి.

పెద్ద రాట్నం సంగతే తీసుకోండి. దాన్ని తిప్పేవాడు కేకలు పెట్టేవాళ్ళ తొట్టిని పైన ఆపి, వాళ్ళు ఇంకా అరుస్తుంటే మురిసిపోయేవాడు. నోరు మూసుకుని, కళ్ళు తెరుచుకుని, చార్మినార్ ఎటుందో, మక్కా మసీదు ఎటుందో, మా స్టేషన్ దీపాలు ఎటున్నాయో వెతుక్కునే నాలాంటివాళ్ళను మాత్రం ఇట్టే కిందికి దించేసేవాడు. పైన కూర్చోవడం ఎవరికి ఇష్టమో వాళ్ళకు ఇవ్వడు, ఎవరికి ప్రాణసంకటమో వాళ్ళకు ఇస్తాడు. ఇదేం న్యాయం?

అద్దాల గది శుద్ధ దండగ. మనిషిని పొట్టిగా, లావుగా చూపించే అద్దం ముందు మా ఆడబిడ్డ కదలకుండా నిలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. ఇంట్లో ఇత్తడి బిందె తోమేటప్పుడు రోజూ కనిపించే మొహమే కదా అది!

పాము ఒళ్ళూ ఆడమనిషి తలా ఉన్న ఆవిడ డేరా ఒకటి ఉండేది. చేతుల్లేవు, కాళ్ళు లేవు, శాపం తగిలింది అని బయట ఒకడు మైకులో ఏడ్చేవాడు. మొదటి ఏడు ఏ ఊరని అడిగితే ఢిల్లీ అంది. రెండో ఏడు నాగలోకం అంది. మూడో ఏడు ఆ డేరా లేదు. పక్కన గాజుల కొట్టులో అదే మొహం. నా మణికట్టు గట్టిగా పట్టుకుని, ఎముకలు నలిపి, చిన్న సైజు గాజులు ఎంత నేర్పుగా తొడిగిందో! పాముగా ఉన్నప్పటికంటే ఆ కొట్టులోనే ఆవిడ పనితనం బాగుంది. ఆ మాట ఆవిడతోనే అంటే, "గా పాము డబ్బాల కూసుంటే మెడలు పట్టుకపోతున్నయమ్మా" అంది.

ఇక స్పెషల్ అని రాసిపెట్టిన రోజులున్నాయే, వాటి మీద నాకు బొత్తిగా నమ్మకం లేదు. పటాకుల తమాషా అని ఊరంతా చెప్పుకున్న రోజున మంచు కమ్మి, చప్పుడు తప్ప ఏమీ కనిపించలేదు. ముగ్గుల పోటీలో గెలిచిన ముగ్గు ఎవరిదో ముందే అందరికీ తెలుసు, మోటారు దిగి వచ్చిన ఆవిడది. ఉర్దూ కవుల ముషాయిరా, హరికథ ఒకే సాయంత్రం పక్కపక్కనే పెట్టి, రెండు మైకులు ఒకదాని మీదికి ఒకటి తిప్పారు. ఇక్కడ సీతమ్మ అగ్నిలో దూకబోతుంటే అక్కడ "వాహ్ వాహ్" అన్నారు.

ఇవన్నీ సర్దుకోగలను. నేను సర్దుకోలేనిది మౌత్ బావి.

మౌత్ కా కువా, అంటే చావు బావి, అని ఉర్దూలో రాసి ఉండేది. మేం మౌత్ బావి అనేవాళ్ళం. చెక్క పలకలతో కట్టిన పెద్ద బావి, నేల మీదే లేపిన బావి. బయటినుంచి మెట్లెక్కి పైఅంచు చుట్టూ నిలబడి లోపలికి వంగి చూడాలి. అడుగున ఒకడు ఫట్‌ఫటి మోటార్ సైకిల్ ఎక్కి, ముందు ఏటవాలు పలకల మీద తిరిగి, జోరు అందుకుని, నిలువు గోడ మీదికి ఎక్కి, గోడకు అడ్డంగా పడుకున్నట్టు తిరుగుతాడు. తిరుగుతూ తిరుగుతూ అంచు దాకా వచ్చి, పైనున్నవాళ్ళ చేతిలో రుమాలు లాక్కుని పోతాడు.

ఇదంతా వాళ్ళనూ వీళ్ళనూ అడిగి ముక్కముక్కగా పోగుచేసుకున్నది. నేను చూడలేదు.

ఎందుకంటే ఆడవాళ్ళు నిలబడే చోట వెదురు తడిక కట్టారు. పరదా పాటించే ఇళ్ళవాళ్ళు వస్తారని కట్టారట, సరే. కానీ దాన్ని అంచు మీద కట్టక, అంచుకు రెండు బారల వెనక కట్టారు. తడిక సందులోనించి చూస్తే కనిపించేది ఆకాశమూ, ఎదురుగా అంచు మీద ఒరిగిన మగవాళ్ళ తలకాయలూ. బావిలో ఫట్‌ఫటి మోగినకొద్దీ ఆ తలలన్నీ ఒక్కసారిగా ఎడమనుంచి కుడికి, మళ్ళీ ఎడమనుంచి కుడికి తిరిగేవి. రూమీ టోపీలు, గాంధీ టోపీలు, తలపాగాలు. కాళ్ళ కింద పలకలు వణికేవి. పెట్రోలు పొగ ముక్కులోకి వచ్చేది. పొగ, వణుకు, చప్పుడు, తలకాయలు - మౌత్ బావిలో నా వాటా అంతే. ఒకేఒకసారి, ఎదుటి అంచున ఎవరో రుమాలు ఎత్తి పట్టుకుంటే, బావిలోంచి ఒక చెయ్యి పైకి లేచి దాన్ని లాక్కుని మాయమైంది. ఆ చెయ్యి నాకు ఏడాది పొడుగునా కలలోకి వచ్చింది.

దిగి వచ్చాక మా ఆయనను పట్టుకుని, "ఎట్లుండె? ఎట్ల తిరిగిండు? పడడా?" అని అడిగితే, "ఏముంది, తిరిగిండు, దిగిండు" అన్నారు. చూసేవాళ్ళకు చెప్పడం రాదు, చెప్పగలిగినవాళ్ళకు చూపించరు.

మేళాలో ఒకరోజు జనానా రోజు ఉండేది. ఆ రోజు మగవాళ్ళెవరికీ లోపలికి ప్రవేశం లేదు. బుర్ఖాలు వెనక్కి విసిరి, కొంగులు నడుముకు దోపి, ఆడవాళ్ళే ఆ మైదానమంతా ఏలేవాళ్ళు. తడికలు కూడా విప్పేసేవాళ్ళు. ఇంకేం, అంచు మీద నిలబడి కడుపునిండా చూడవచ్చుననుకుని రెండో ఏడు జనానా రోజున ఉరుక్కుంటూ మెట్లెక్కాను. బావి ఖాళీ. అడుగున ఒక కుక్క ముడుచుకుని పడుకుంది.

గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్న ఆవిడను అడిగితే, "జనానా రోజు కదమ్మా, ఫట్‌ఫటి తోలేటోడు మొగోడాయె. మొగోన్ని ఎట్ల రానిస్తం?" అంది.

మగవాళ్ళు ఉన్న రోజున తడిక అడ్డం, మగవాళ్ళు లేని రోజున ఆటే లేదు. ఇది ఆలోచించి పెట్టినవాడెవడో, వాడికి దండం పెట్టాలి. మూడో ఏడూ అదే తంతు. ఆ ఏడు కుక్క కూడా లేదు.

నాలుగో ఏడు మా ఆయన స్టేషన్‌నుంచి ఒక రంగు కాగితం తెచ్చారు, మేళావాళ్ళు పంచింది. ఇటు ఉర్దూ, అటు తెలుగు. జనానా రోజున మౌత్ కా కువాలో ఒక బహదూర్ స్త్రీ మోటార్ సైకిల్ నడుపును, స్త్రీలు తప్పక వచ్చి చూడవలెను అని ఉంది. నేను ఆ కాగితం చదివి, మళ్ళీ చదివి, ఉప్పు డబ్బా కింద పెట్టుకుని, కూర తిరగమోత వేస్తూ మళ్ళీ తీసి చదివాను.

సరిగ్గా అప్పుడే నాకు నెల తప్పింది.

మా అత్తమ్మ గురించి చెప్పాలి ఇక్కడ. మా గల్లీలో ఏ ఆడదానికి నెల తప్పినా మొగుడికంటే ముందు ఆవిడకు తెలిసేది. మెడ కింద గుంట చూసేది, నడక చూసేది, బిందె చంకకెత్తుకునే తీరు చూసేది. "నీకు మూడో నెల, పో, మీ అమ్మకు కబురు పెట్టు" అనేది. అన్నదంటే అంతే. ఉప్పుగూడనుంచి ఛత్రినాక దాకా పురుళ్ళన్నింటికీ ఆవిడ కావలసిందే. హిందువులు, ముసల్మానులు, చర్చికి వెళ్ళే ఇళ్ళవాళ్ళు అందరూ పెద్దమ్మా అనే పిలిచేవాళ్ళు. పెద్దమ్మ కన్ను తప్పదు అన్నది మా గల్లీలో ఒక సామెతలాంటిది.

ఆవిడకు తెలిసిందంటే నన్నిక గడప దాటనివ్వదు. కడుపుతో ఉన్నది ఎత్తు ఎక్కకూడదు, సందెవేళ బయట తిరగకూడదు, ఉలిక్కిపడకూడదు. మౌత్ బావిలో ఎత్తూ ఉంది, ఉలికిపాటూ ఉంది. నాలుగేళ్ళు కాచుకున్న ముద్ద నోటిదాకా వచ్చి జారిపోతుంది.

కాబట్టి ఆ నెల ముట్టు రాకపోయినా వచ్చినట్టే చేశాను. ఇంట్లో పద్ధతి ప్రకారం వసారాలో చాప వేసుకుని, విడిగా చెంబు పెట్టుకుని, ఎవరినీ తాకకుండా మూడు రోజులు బయట కూర్చున్నాను. దూరంనుంచి వడ్డిస్తే తిన్నాను. నాలుగో రోజు తలంటుకుని చాప కడుక్కుని ఇంట్లోకి వచ్చాను. చూసినవాళ్ళెవరికీ అనుమానం రాదనుకున్నాను. తప్పు చేస్తున్నానని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. కడుపులో బిడ్డ ఎక్కడికీ పోదు. మేళా పోతుంది.

జనానా రోజు వచ్చింది. నేను పొద్దున్నే వంట ముగించి కూర్చున్నాను. అత్తమ్మ మామూలుగా అయితే "ఏముందే గాడ, దుమ్ము" అని సణిగేది. ఆ రోజు మారు మాట్లాడకుండా చీర మార్చుకుంది. పరదా కట్టిన రిక్షా ఒకటి మాట్లాడుకుని ఇద్దరమే వెళ్ళాం. దారి పొడుగునా ఆవిడ రిక్షా అతన్ని "గుంతలున్నయి బిడ్డా, మెల్లగ పోనియ్యి" అంటూనే ఉంది. నాకేమో అతను నడుస్తున్నాడా తొక్కుతున్నాడా అన్నంత విసుగు.

ఆట సాయంత్రమే. మేం మెట్లెక్కేసరికి బావి అంచు చుట్టూ ఆడవాళ్ళు కిక్కిరిసి ఉన్నారు. తడిక లేదు! ఒక్క వెదురు పుల్ల లేదు. నేను సందు చేసుకుని ముందుకు దూరి అంచు పట్టుకున్నాను. అత్తమ్మ నా పక్కనే నిలబడి నా ముంజేయి పట్టుకుంది. మా గల్లీ వాళ్ళు కొందరు ఎదురుగా కనబడి "పెద్దమ్మా!" అని చేతులూపారు.

అడుగున చిన్న తలుపు తెరుచుకుని ఒక అమ్మాయి వచ్చింది. నా ఈడుదే. ఖాకీ పాంటు, మందపు కోటు, జడ మడిచి రుమాలుతో కట్టేసింది. బండి నెట్టుకుంటూ వచ్చి మధ్యలో నిలబెట్టి, తల ఎత్తి, మా అందరినీ చూసింది. ఊరికే చూడడం కాదు, నిలబడ్డచోటే ఒక చుట్టు తిరిగి ఒక్కొక్క మొహాన్నీ చూసింది. నవ్వింది.

బండి ఒక పట్టాన రాజుకోలేదు. రోజూ దాన్ని సవరించే మనిషి మగవాడు కాబట్టి గేటు బయటే ఆగిపోయాడట. ఆవిడే తన్నింది, తన్నింది, వంగి ఏదో తిప్పింది, మళ్ళీ తన్నింది. పైనున్నవాళ్ళంతా ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకున్నారు. భళ్ళున మోగింది. ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా అరిచారు, నేనైతే అందరికంటే గట్టిగా.

ఏటవాలు పలకల మీద ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టుకు జోరు అందుకుంది. నా కాళ్ళ కింద పలకలు వణకడం మొదలైంది. నాలుగేళ్ళుగా తెలిసిన వణుకే, కానీ ఇప్పుడు దాని మొహం కనబడుతోంది. నేను నడుము దాకా వంగిపోయాను. ముందు చక్రం నిలువు గోడ అంచును తాకి లేచింది. ఇంకొక్క క్షణమైతే గోడెక్కుతుంది...

"ఆపుండ్రి! ఆపుండ్రి! ఆ పిల్ల కడుపుతోని ఉన్నది!"

నా చెవి పక్కనే అరిచింది మా అత్తమ్మ.

ఇంకెవరైనా అరిచి ఉంటే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. కానీ అరిచింది పెద్దమ్మ. ఎదుటివైపునుంచి మా గల్లీ ఆవిడ, "పెద్దమ్మ చెప్పిందంటే నిజమే! ఆపుండ్రి!" అంది. ఆ మాట ఉర్దూలోకి మారింది. "హామిలా హై, హామిలా హై, రోకో!" అంచు చుట్టూ నిప్పు పాకినట్టు పాకింది. చేతులూపారు, బుర్ఖాలు ఊపారు, ఒకావిడ శాలువా బావిలో పారేసింది. ఇంకొకావిడ చెప్పు పారేసింది, ఎందుకో ఆవిడకే తెలియాలి. అమ్మాయి జోరు తగ్గించి, చుట్టు దించి, కిందికి వచ్చి బండి ఆపేసింది. ఆ చప్పుడు ఆగిపోవడం ఉందే, అది విన్నప్పుడు నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"క్యా హువా అమ్మా?" అని అడిగింది కిందనుంచి.

నలభై గొంతులు ఒక్కసారే జవాబు చెప్పాయి. "నీ పొట్ట చూసుకోలేదా తల్లీ", "ఎన్నో నెల బిడ్డా", "నీ మొగునికి బుద్ధి లేదా", "గిదేం పాడు పని". ఒక ముసలావిడ కళ్ళొత్తుకుంటోంది. మెట్లు దిగి తలుపు దగ్గర అడ్డంగా కూర్చున్నవాళ్ళు కొందరు. "నై అమ్మా, కుచ్ నై" అంటోంది ఆ అమ్మాయి. ఎవరూ వినరు. కోటు కింద నడుము లావుగా ఉన్న మాట నిజమే. అందరూ ఇప్పుడు అదే చూస్తున్నారు.

నేను కాపురానికి వచ్చిననాటినుంచి అత్తమ్మకు ఎదురు చెప్పినదాన్ని కాను. ఆ రోజు చెప్పాను. "అత్తమ్మా, నీకేం తెలుసు? ఆమె పని ఆమెకు తెల్వదా? ఆపమన్నందుకు నువ్వే మళ్ళ తోలమని చెప్పు!" అని గొంతు చించుకున్నాను. అందరూ వినేలాగే అరిచాను. ఆవిడ నా మొహం చూడలేదు, చెయ్యి మాత్రం వదలలేదు. పక్కనున్నవాళ్ళు మాత్రం నా మీద పడ్డారు. "చూసినవా కోడలు లొల్లి! ఒక పానం పోతుందంటే తమాషా కావాల్నట దీనికి." ఫికర్ లేని పిల్లనని, కన్నతల్లి పెంచిన తీరు బాగాలేదని అన్నారు. అననివ్వండి.

అప్పుడు ఆ అమ్మాయి కోటు గుండీలు విప్పింది. మగవాళ్ళున్న రోజైతే చేయగలిగిన పని కాదు అది. కోటు బండి మీద వేసి, అంగీ పైకి లేపి, నడుముకు కట్టుకున్న గుడ్డ కొస పట్టుకుని విప్పసాగింది. పగిడీ అంత పొడుగు గుడ్డ. పొట్టలో పేగులు కదలకుండా బిగించి కట్టుకుంటారట గోడ మీద తిరిగేవాళ్ళు. విప్పుతోంది, విప్పుతోంది, కాళ్ళ దగ్గర కుప్ప పడుతోంది, పైన ఒక్కొక్క నోరే మూతపడుతోంది. అంతా విప్పాక వీపుకంటుకుపోయిన పొట్ట. చెమటకు గుడ్డ మడతలు ఎర్రగా అచ్చుపడ్డాయి.

"దేఖో" అంది, అందరికీ కనబడేలా మెల్లగా చుట్టు తిరిగింది. నవ్వుతూ వచ్చినప్పుడు తిరిగింది అట్లాగే. ఇప్పుడు నవ్వు లేదు.

ఎవరో కిసుక్కుమన్నారు. "పెద్దమ్మ కన్ను గూడ తప్పిందుల్లా!" అన్నారు ఎదుటివైపునుంచి. అందరూ నవ్వారు. మా అత్తమ్మ నా భుజం మీద జారిన కొంగు సర్దింది.

సరే, ఇప్పటికైనా తోలుతుంది కదా అనుకున్నాను. ఆ గుడ్డ మళ్ళీ చుట్టుకోవాలంటే ఒకరు కొస పట్టుకుని బిగించి నిలబడాలి. "నేనొస్త, నేను పట్టుకుంట!" అని అరిచి మెట్ల వైపు కదిలాను కూడా. అంతలో గేటు దగ్గర గంట మోగింది. దీపాలు పెట్టే వేళకు జనానా రోజు ముగుస్తుంది. ఆ తరువాత మగవాళ్ళను రానిస్తారు. గేటు ఆవిడ వచ్చి, "నడువుండ్రి, నడువుండ్రి" అని తోలసాగింది. అందరూ బుర్ఖాలు దించుకుని, కొంగులు సర్దుకుని, పిల్లలను పిలుచుకుంటూ కదిలారు.

అమ్మాయి గుడ్డను చుట్ట చుట్టి చంకలో పెట్టుకుంది. ఇంకా అంచు మీదే ఉన్న నన్ను చూసి అంది, "మర్దాఁ రోజ్ దేఖ్తే. ఆజ్ ఔరతాఁ దేఖ్తే బోల్కే ఆయీ థీ మై." మగవాళ్ళు రోజూ చూస్తారు, ఇవాళ ఆడవాళ్ళు చూస్తారని వచ్చానే, అని. ఆవిడ బండి నెట్టుకుంటూ తలుపులోనించి వెళ్ళిపోయింది.

తిరుగు రిక్షాలో పరదా లోపల నేనూ అత్తమ్మా. ఛత్రినాక మలుపు దాకా వచ్చాం. ఇక ఆగలేకపోయాను.

"నీ కన్ను తప్పదని ఊరంత పేరు. ఇయ్యాల ఏమాయె మరి?"

"తప్పలే" అంది.

"తప్పలేదా? ఆమె గుడ్డ విప్పి చూపియ్యలే?"

"ఆ పిల్ల సంగతి ఎవరు జెప్పిండ్రు?" అని, పరదా సందులోనించి బయటికి చూస్తూ అంది, "నువ్వు నెలనెలా రెండోనాడు ఓమ నీళ్ళు అడుగుతవు. మోకాళ్ళు ముడుసుకోని మూల్గుతవు. ఈసారి వసారాల కూసోని ఏం జేసినవు? మేళా కాయితం సదువుకుంట నవ్వుకున్నవు. నేను గుడ్డిదాన్ననుకున్నవా?"

అంత జాగ్రత్తగా చాప పరిచాను, చెంబు పెట్టాను. ఆ పాడు కాగితాన్ని మాత్రం వదల్లేకపోయాను.

"ఎన్నో నెలనే?" అంది.

"రెండు."

"మూడోది వడ్డది" అంది. వేళ్ళమీద లెక్క చూసుకున్నాను. నిజమే.

"తెలిసి ఎందుకు తోల్కొచ్చినవు మరి?"

"కడుపుతోని ఉన్నదాని కోరిక తీర్చాలె. తీర్చకుంటే పుట్టే బిడ్డకు సొల్లు కారుతనే ఉంటది. ఏడాది సంది నీ నోట్లె గదే జపమాయె. అందుకనే తోల్కొచ్చిన."

"మరి ఎందుకు ఆపినవు?"

అప్పుడు నా వైపు తిరిగింది. "పలకలు ఊగవట్టె. నువ్వు నడుము దాక వంగితివి. నీ నాడి నా చేతుల దడదడ కొట్టుకోవట్టె. నాకు పానం ఆగలే. అంతమంది ఆడోళ్ళ ముందల, కోడలా నువ్వు కడుపుతోని ఉన్నవు దిగు అని ఎట్లంట? మూడు నెల్లు నిండలే, దిష్టి తగులదా? నోట్లెకు ఏదొస్తే అదన్న. ఆ పిల్ల మీద వెట్టిన."

ఈ కథ విన్నవాళ్ళందరూ ఇక్కడికి వచ్చేసరికి, ఎంత ప్రేమమ్మా అంటారు. ప్రేమే. కాదని నేనెప్పుడన్నాను? నలుగురిలో తన పేరు పోగొట్టుకుంది, నా కోసమే పోగొట్టుకుంది. అయినా ఆ రిక్షాలో నాకు కళ్ళనీళ్ళు తిరిగింది ప్రేమకు కాదు, ఒళ్ళు మంటకు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా ఇంట్లో దేవుడూ ఆవిడే, పూజారీ ఆవిడే. తీసుకువెళ్ళిందీ ఆవిడే, ఆపిందీ ఆవిడే. నేను ఎవరి మీద అరవాలి? ఇంటికి వచ్చాక అన్నం తినకుండా పడుకున్నాను. ఆవిడే కంచం తెచ్చి తలాపున పెట్టి, తినేదాకా కూర్చుంది.

గల్లీలో ఆవిడను ఆట పట్టించడం చాలాకాలం నడిచింది. నల్లా దగ్గరో, కిరాణా కొట్టు దగ్గరో, "పెద్దమ్మా, ఫట్‌ఫటి పిల్లకు ఎన్నో నెల?" అనేవాళ్ళు. నా కడుపు కనబడడం మొదలయ్యాక అసలు సంగతి చెప్పబోయాను. "ఊకో. అంటే అననియ్యి" అంది.

మరుసటి చలికాలం చంకలో అయిదు నెలల పిల్లతో జనానా రోజుకు వెళ్ళాను. బావి మూసి, మెట్లకు అడ్డంగా వాసం కట్టేశారు. గేటు దగ్గర అదే ఆవిడ, అదే బల్ల. "ఆడోళ్ళకు గవి పనికిరావమ్మా. పోయినేడు మీరే గద లొల్లి జేసి ఆపింది" అంది. ఆ అమ్మాయి ఏ ఊరు పోయిందో ఆవిడకు తెలియదు. మామూలు రోజున వచ్చి తడిక వెనక నిలబడితే ఎప్పటిలాగే పొగ, వణుకు, తలకాయలు. ఆ తరువాత జనానా రోజున మౌత్ బావి తెరవడం నేను చూడలేదు.

పిల్లకు సొల్లు కారింది. అందరి పిల్లలకూ కారేదే అని మా ఆయన అనేవారు, నిజమే అయి ఉండవచ్చు. కానీ మా పిల్లకు నడక వచ్చింది, మాటలొచ్చాయి, సొల్లు మాత్రం ఆగలేదు. గౌను ముందు భాగం ఎప్పుడూ తడే. నేను చూసి, అత్తమ్మ వైపు ఒక్క చూపు చూసేదాన్ని. ఆవిడ చేతిలో పని వదిలేసి వచ్చి, తన కొంగుతో పిల్ల గదవ తుడిచేది. ఆడబిడ్డ తుడవబోయినా, నేను తుడవబోయినా చెయ్యి పక్కకు నెట్టేసేది. అది కారినన్నాళ్ళూ ఆవిడే తుడిచింది.